పేరు పట్టని గడి

రెండక్షరాల మాట ఒకటి ఏళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. మోస్తున్నాను అనడం కూడా గొప్ప చెప్పుకోవడమే. మోసేవాడికి ఎక్కడ దించాలో తెలిసి ఉంటుంది. నాకు అదీ తెలియదు. అన్నం తింటూ ఉంటాను, ఆ మాట వినిపిస్తుంది, అదీ నా గొంతుతోనే. బండి మీద వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగుతాను, పక్కన ఎవరో ఎవరితోనో మామూలుగా అదే మాట అంటారు, నేను ఉలిక్కిపడతాను. తెలుగువాళ్లం రోజుకి ఎన్నిసార్లు అంటామో దాన్ని! ఎవరికీ ఏమీ కాదు. నేను ఒక్కసారి, ఒక్క మనిషితో అన్నాను. ఆ మనిషి మంచి చెయ్యి పోయింది.

చెయ్యి పోవడమంటే ప్రమాదమేదో అనుకోకండి. అలాంటిదైతే ఎప్పుడో ఒప్పుకునేవాణ్ణేమో. రక్తం కనిపిస్తే మనిషికి భయం వేస్తుంది, భయం వేస్తే నిజం బయటికి వస్తుంది. ఇందులో రక్తం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా భార్యకి ఒకసారి సగం చెప్పాను. తమాషా కథలా చెప్పాను, ఆమె నవ్వింది. నవ్వేలా చెప్పింది నేనే కదా, ఆమెని ఏమనను?

నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద చిన్న ఆఫీసు. అప్పట్లో పెళ్లి కాలేదు, పొగరు మాత్రం బాగా ఉండేది. మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం ఒక ప్రోగ్రాం నా చేత్తో నేనే రాశాను. లారీలోంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగి కాటా ఎక్కగానే రైతు పేరు, బరువు, దించిన హమాలీ ముఠా మేస్త్రి పేరు, అన్నీ వేసి చీటీ ఇస్తుంది. అప్పటిదాకా చీటీలు ఇంగ్లీషులో వచ్చేవి. రైతు దాన్ని పట్టుకుని ఎవరి చేతనో చదివించుకునేవాడు. నేను తెలుగులో వచ్చేలా చేశాను. ముందుగా చిలకలూరిపేట రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. దాని పేరు చెప్పను. యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. ఈ సీజను సాఫీగా నడిస్తే ఆయన తన తోటి యజమానులకి కూడా నా గురించి చెబుతానన్నాడు. ఆ మాట నా చెవిలో పాటలా మోగుతూ ఉండేది.

సీజను మొదలయ్యే రోజు నేను అక్కడే ఉన్నాను. టెంకాయ కొట్టారు, చాంబర్ తలుపులకి పసుపు రాశారు. అంతా అయ్యాక పెద్దాయన గట్టిగా, "ఏరా సుందరం, రా" అని పిలిచాడు.

సుందరం మేస్త్రి అప్పటికే యాభై దాటినవాడు. ఒక ముఠాకి పెద్ద. బోణీ టిక్కీ ఆయన వీపు మీదే ఎక్కాలి. అది అక్కడ ఏళ్ల ఆనవాయితీ. ఒక సంవత్సరం ఆయన ఎత్తాక ధర బాగా పలికిందట, అప్పటినుంచి పెద్దాయనకి అదొక నమ్మకం. సుందరం క్రైస్తవుడు. కొబ్బరి ముక్క తినేవాడు కాదు, పసుపు రాసేచోటికి వచ్చేవాడు కాదు. పక్కన నిలబడి కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుని, ఆ తర్వాత టిక్కీ ఎత్తేవాడు. "దేవుడు ఎవడైతే ఏందయ్యా, చెయ్యి మంచిది" అనేవాడు పెద్దాయన. ఆ చుట్టుపక్కల కొత్త కాటా పెట్టినా, దుకాణం తెరిచినా ఎవరో ఒకరు ఆయన్ని పిలిచి మొదటి వస్తువు ఎత్తించుకునేవాళ్లు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ అడిగేవాడు కాదు. పిలిచారన్నదే ఆయనకి చాలు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నడిచేవాడు. ఆ నడక నాకు ఇంకా కళ్లకి కట్టినట్టుంది.

ఆ సీజనుకే ఇంకో కొత్త పద్ధతి వచ్చింది. హమాలీలకి ఇన్సూరెన్సు కట్టాలి కాబట్టి చీటీలో మేస్త్రి పేరు కూడా ఆధార్ కార్డులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా ఉండాలన్నారు. సరే, అలాగే ఎక్కించాం. మంచి పనే కదా.

కొన్నాళ్లకి ప్రోగ్రాం పడిపోవడం మొదలైంది.

కాటా గదిలో కూర్చునే అమ్మాయి షరీఫా ఫోన్ చేసి "సార్, ఆగిపోయింది" అనేది. హ్యాంగా, క్రాషా అని నేను విసుక్కునేవాణ్ణి. నాకు ఆ రెండూ వేరు. తెర మీద బొమ్మ కదలకుండా ఉండిపోతే హ్యాంగ్. ప్రోగ్రాం మొత్తం మాయమైతే క్రాష్. ఆ అమ్మాయికి రెండూ ఒకటే, బయట లారీల వరస పెరగడమే. చివరికి ఆమె కూడా "క్రాషే సార్" అనడం నేర్చుకుంది. మొదట మిరప దుమ్ము మీద నెట్టాను. ఆ గదిలో గోడల మీద, కీబోర్డు సందుల్లో, మన ముక్కులో, ఎక్కడ చూసినా ఎర్ర దుమ్మే. కంప్యూటర్ మూత విప్పి తుడిచాను. తుమ్ములు నాకు మిగిలాయి, క్రాష్ తగ్గలేదు.

ఈలోగా యార్డులో ఒక మాట పుట్టింది. సుందరం ముఠా వచ్చినప్పుడే పడిపోతోంది అని. బాజీ మేస్త్రి వచ్చినప్పుడు పడదు, కోటయ్య మేస్త్రి వచ్చినప్పుడు పడదు, సుందరం వస్తేనే. అదీ ప్రతిసారీ కాదు. ఒకసారి బాగానే చీటీ వచ్చేది, ఇంకోసారి పోయేది. అలా అప్పుడప్పుడూ జరిగేదాన్నే జనం శకునం అంటారు. నేను నవ్వాను. చదువు రానివాళ్ల గోల అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం టీ దగ్గర సుందరం గేటులోంచి వస్తుంటే నేనే అన్నాను, "అదుగో, క్రాష్ సుందరం వచ్చాడు, అందరూ కంప్యూటర్లు పట్టుకోండ్రా" అని.

అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ పేరు పెట్టింది నేను. ఇది నేను నా భార్యకి చెప్పని సగంలో మొదటిది.

మూఢనమ్మకం అని నవ్వినవాణ్ణి, దానికి పేరు ఎందుకు పెట్టాను? నవ్వించాలని. అంతే. అంతకు మించి ఇంకేమైనా ఉందా అని చాలాసార్లు వెతికాను, దొరకలేదు. ఏదైనా పగ ఉంటే బాగుండేది.

ఇక లాభం లేదని డంపు పట్టేలా పెట్టాలనుకున్నాను. మీకు ఇది కొత్త అయితే చెబుతాను, పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ప్రోగ్రాం చచ్చిపోయే క్షణంలో దాని జ్ఞాపకంలో ఏమేమి ఉన్నాయో మొత్తం ఒక ఫైలులోకి దింపుకోమని కంప్యూటర్‌కి ముందుగానే చెప్పి ఉంచవచ్చు. ఆ ఫైలునే క్రాష్ డంప్ అంటారు. కంప్యూటర్ తన నియమాలన్నీ దాచుకునే చోటు ఒకటి ఉంటుంది, రిజిస్ట్రీ అని. అక్కడ నా ప్రోగ్రాం పేరుతో కీ అనే ఒక కొత్త పద్దు చేర్చి, డంపు ఏ ఫోల్డరులో రాయాలి, ఎన్ని దాచాలి, చిన్నది కావాలా నిండుది కావాలా అని రాయాలి. నేను నిండుదే అడిగాను. నిండు డంపుకి చోటు ఎక్కువ కావాలి. డి డ్రైవు నిండా రాత్రి డ్యూటీ గుమాస్తా సినిమాలు. అవన్నీ తీసేశాను. అతను సీజను అయ్యేదాకా నాతో మాట్లాడలేదు.

పెద్దాయన కుర్చీ వెనక నిలబడి అంతా చూస్తున్నాడు.

"డంపంటే ఏందయ్యా? పేపర్లో రాస్తారే, అడివిలో నక్సలైట్లు పాతిపెట్టినయ్యి బయటపడ్డయ్యని, అదా?"

"ఇంచుమించు అదేనండి. ఈసారి పడితే దొంగ దొరికినట్టే" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

మొదటిసారి దొరకలేదు. కొత్త ఫోల్డరు చేశాను గానీ అందులో రాసే అనుమతి ప్రోగ్రాంకి ఇవ్వడం మరిచిపోయాను. మళ్లీ వెళ్లి అదీ సరిచేశాను. కావాలని ఒకసారి పడగొట్టి చూసుకున్నాను, డంపు పడింది. ఇక కాచుకుని కూర్చోవడమే. తర్వాత సుందరం ముఠా లారీ వచ్చినప్పుడు ప్రోగ్రాం పడింది, డంపు చిక్కింది. దాన్ని కాపీ చేసుకుని బ్రాడీపేట పరుగెత్తాను.

డంపు తెరిస్తే ఎడమ వైపంతా అంకెలు, కుడివైపు చుక్కలు, పిచ్చిగీతలు. తెలుగు అక్షరాలు అక్కడ అక్షరాల్లా కనిపించవు. కానీ ఆ అంకెల వరసకి ఒక వాలకం ఉంటుంది, అలవాటైన కన్ను పట్టేస్తుంది. ఎక్కడైతే ప్రోగ్రాం ప్రాణం పోయిందో అక్కడ, అక్షరాలు ఉండకూడని చోట ఆ వరస ఉంది. విప్పి చూశాను. "నుయేలు." ఒక పేరు తోక అది. వెనక్కి వెళ్లాను. పేరు మొత్తం దొరికింది. సుందరం పూర్తి పేరు.

అంటే యార్డులో వాళ్లు చూసింది నిజమే. ఆయన వచ్చినప్పుడే పడుతోంది. ఆయన కాలు వల్ల కాదు, పేరు వల్ల. పేరు వల్ల కూడా కాదు. ఆ పేరు కోసం నేను ఉంచిన చోటు వల్ల.

చీటీలో ఒక్కో వివరానికి లోపల ఇంత చోటు అని గడి కట్టి పెడతాం. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం కంటే ఎక్కువ చోటు తింటుంది. కంటికి ఒక్కటిగా కనిపించే "జ్ఞా" లోపల నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కకీ మూడు చోట్లు. నాకు ఇది తెలియదా? బాగా తెలుసు. రైతు పేరుకి అది లెక్క వేసే పెద్ద గడి పెట్టాను. మేస్త్రి పేరుకి మాత్రం పాత ఇంగ్లీషు చీటీలో ఉన్న చిన్న గడినే ఉంచేశాను. ఆయన పేరు ఆ గడిలో పట్టక పక్కకి పొర్లింది. పొర్లిన అక్షరాలు ఒక్కోసారి ఎవరికీ పట్టని చోట పడేవి, చీటీ బాగానే వచ్చేది. ఒక్కోసారి ప్రోగ్రాంకి ఆయువుపట్టు మీద పడేవి. బాజీ, కోటయ్య ఇంటిపేర్లతో కలిపినా చిన్న పేర్లు, వాళ్లు బతికిపోయారు.

మేస్త్రి గడి ఎందుకు పెంచలేదు? మరిచిపోయాను అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ గడి దగ్గర నా చెయ్యి ఒక క్షణం ఆగింది. నాకు గుర్తుంది. హమాలీ మేస్త్రికి అంత పెద్ద పేరు ఏముంటుందిలే అనుకున్నాను. నోటితో అనలేదు, అక్షరాలా అలా అనుకోనూ లేదు. కానీ చెయ్యి ఆగి, ముందుకి పోయింది. రైతుకి ఇంత, మూట మోసేవాడికి ఇంత. ఆ కొలత నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. ఎక్కడ నేర్చుకున్నానో నాకూ తెలుసు, మీకూ తెలుసు.

పెద్దాయన ఫోన్ చేశాడు. "దొంగ దొరికాడా?"

దొరికాడు. ఫోన్ పట్టుకుని ఉన్నవాడే. కానీ తోటి యజమానులకి చెబుతానన్న మాట ఉందే, అది నా నోరు నొక్కేసింది. "చూస్తున్నానండి, కొంచెం క్లిష్టంగా ఉంది" అన్నాను. ఆయన అవతలి నుంచి, అందాకా సుందరాన్ని కాటా వైపు రావద్దంటానని, వాడి ముఠాని ఇంకొకడితో పంపమంటానని అన్నాడు. పెద్దమనిషి, నా వీలు చూసే అన్నాడు. వద్దండీ, ఆయన వల్ల కాదు అని నేను అనాలి. ఎంతసేపు పడుతుంది ఆ మాటకి? "మీ ఇష్టమండి" అన్నాను.

సుందరాన్ని గేటు బయటే ఆపేశారు. ఆ వారంలోనే ఆదివారం వచ్చింది. యార్డుకి సెలవు. నేను తాళం తీయించుకుని వెళ్లి గడి పెంచాను. ఒకే ఒక్క వరస దిద్దడం, అంతే. దిద్దినదాన్ని సరిచూడాలి కదా. ఆ పేరు మొత్తం కొట్టి, బరువు చోట ఏదో వేసి, చీటీ నొక్కాను. ప్రింటరు చప్పుడు చేస్తూ కక్కింది. ఎక్కడా తెగకుండా, పొర్లకుండా, ఎంత బాగా వచ్చిందో ఆ పేరు! జ కింద ఞ వత్తు చక్కగా కూర్చుంది. నా పనితనానికి నేనే ఒక క్షణం మురిసిపోయాను. రోడ్డుకి అవతల పల్లెలోంచి చర్చి మైకులో పాట వినిపిస్తోంది. ఆయన అక్కడే ఉంటాడని తెలుసు. ఆ చీటీని ముక్కలుగా చింపి బుట్టలో వేశాను. డంపు ఫైళ్లన్నీ చెరిపేశాను. ఇక అవసరం లేదని డంపు పట్టే ఏర్పాటు కూడా తీసేశాను.

సోమవారం నుంచి ప్రోగ్రాం ఒక్కసారి కూడా పడలేదు.

మీకు అర్థమైంది కదా, నేనేం చేశానో? ఆయన్ని ఆపిన వారమే నేను బాగుచేశాను. చూసేవాళ్లకి ఏం తెలుస్తుంది? సుందరం పోయాడు, మిషను బాగయింది. అప్పటిదాకా అది అనుమానం. నా దిద్దుబాటు దాన్ని రుజువు చేసింది. కొన్నాళ్లు ఆగి దిద్ది ఉంటే? లేదా ఆయన లోపల ఉండగానే దిద్ది ఉంటే? ఈ లెక్కలు నేను తర్వాత చాలా వేశాను. నోరు తెరిస్తే ఏ లెక్కా అక్కర్లేదన్న సంగతి మాత్రం ప్రతిసారీ దాటేసేవాణ్ణి.

రెండు మూడు రోజులకి ఆయన నన్ను గేటు బయట కలిశాడు. నా కోసమే నిలబడి ఉన్నట్టున్నాడు. తువ్వాలు భుజాన లేదు, చేతిలో నలుగుతోంది.

"బాబూ, మిషను బాగయిందంటగా?"

"అయింది బాబాయ్."

"మంచిది. మొన్న ఆదివారం చర్చిలో దానిక్కూడా ప్రార్థన చేయించా. మిషనుకేందయ్యా అని పాస్టరు గారు నవ్వారు. కూటికాడ అడ్డం పడిందండి, చెయ్యండి అన్నా."

నేను బండి తాళం వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకున్నాను. తాళం బండికే ఉంది.

"ఒకటి అడుగుతా, దాయమాక. చదువుకున్నోడివి, నువ్వు చెబితే నమ్ముతా. దేవుడు నా ప్రార్థన విని బాగుచేశాడా, లేకపోతే నేను అవతలికి పోయినందుకు బాగయిందా? అందరూ రెండోదే అంటన్నారు. ఇన్నేళ్లూ నా చెయ్యి మంచిదనే అన్నారు వీళ్లు. నా వల్లేనంటావా?"

ఆయన అడిగింది రెండు. నా దగ్గర ఉన్నది మూడోది. అది నా నాలుక చివరిదాకా వచ్చింది, ఆ వేడి నాకు తెలిసింది. బాబాయ్, చెడగొట్టిందీ నేనే, బాగుచేసిందీ నేనే అనాలి. గేటు దగ్గర హమాలీలు చూస్తున్నారు. లోపల పెద్దాయన కారు ఉంది.

"ఏమో బాబాయ్" అన్నాను.

అదీ ఆ మాట. ఏమో. అబద్ధం కాదని నన్ను నేను సముదాయించుకోవడానికి అంతకంటే మంచి మాట తెలుగులో లేదు. అవునని అనలేదు, కాదని అనలేదు. కానీ అన్నీ తెలిసినవాడు ఏమో అంటే వినేవాడికి అది అవునే. ఆయన తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "సరేలే" అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకోకుండానే వెళ్లిపోయాడు.

తర్వాతి సంగతులు నాకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. మరుసటి సీజనుకి బోణీ టిక్కీ కోటయ్య ఎత్తాడు. సుందరం ముఠాలో మనుషులు ఒక్కొక్కరే వేరే మేస్త్రీల వెంట పోయారు. మేస్త్రి మొహం చూసి కదా పని ఇస్తారు, ఆ మొహమే వద్దన్నాక ఏం చేస్తారు? క్రాష్ సుందరం అన్న పేరు నాకంటే ముందు ఊళ్లు తిరిగింది. చర్చిలో కొత్త మైకు సెట్టు పెట్టినప్పుడు ఎవరో కుర్రాళ్లు, "మామా, నువ్వు కాస్త ఎనక్కి కూర్చో" అన్నారట, నవ్వుతాలుకే. నవ్వుతాలుకి నేను మొదలుపెట్టింది కదా, అలాగే సాగింది. నాకు మాత్రం పెద్దాయన మాట ఇచ్చినట్టే ఇంకో నాలుగైదు కోల్డ్ స్టోరేజీలు ఇప్పించాడు. ప్రతిచోటా మేస్త్రి పేరుకి పెద్ద గడి పెట్టాను. దాన్నే ప్రాయశ్చిత్తం అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఎంత సిగ్గుమాలిన తృప్తో చూడండి.

ఇదంతా పాతబడిందనే అనుకున్నాను. ఈ మధ్య ఒక బట్టల కొట్టు పని మీద చీరాల వెళ్లాను. స్టేషన్ బయట ఆటో ఎక్కితే డ్రైవరు పక్కన తెల్లజుట్టు మనిషి. నేను గుర్తుపట్టలేదు, ఆయనే పట్టాడు. "బాబూ, బాగుండావా?" అని రెండు చేతులూ పట్టుకోబోయి, ఆగి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

ఆటో కొడుకుదట. తను పవర్‌లూమ్ షెడ్డు దగ్గర కాపలా ఉంటున్నాడట. లోపల మగ్గాల దగ్గరికి పోడు, బయటే. కొడుకు నవ్వుతూ చెప్పాడు. ఆటో కొన్న రోజు తాళం మొదట నాన్న చేతే తిప్పిద్దామనుకుంటే, ఆయన ముట్టుకోలేదట, అది స్టార్టయి కదిలేదాకా రోడ్డుకి అవతల నిలబడ్డాడట. దిగేటప్పుడు నేను నా ఫోన్ ఆయనకి అందిస్తూ నంబరు కొట్టమన్నాను. ఆయన అందుకోలేదు.

"నువ్వే కొట్టు బాబూ. నా చెయ్యి మంచిది కాదు, నీకు తెలుసుగా."

బాధగా కూడా అనలేదు. షుగర్ ఉంది, టీలో చక్కెర వద్దు అన్నంత మామూలుగా అన్నాడు. ఊళ్లో వాళ్లు అనుకోవడం వేరు. ఆయనే నమ్మేశాడు. నీకు తెలుసుగా అని నన్నే సాక్ష్యం పిలుస్తున్నాడు. నాకు తొందర పనేమీ లేదు. కొట్టువాడు సాయంత్రం రమ్మన్నాడు. పక్కనే టీ బంకు, ఖాళీ బెంచీ. కూర్చోపెట్టి చెప్పవచ్చు. నేను నంబరు కొట్టుకున్నాను. నవ్వాను కూడా. ఈసారి ఏమో అని కూడా అనలేదు.

అప్పటినుంచి కుదురు లేదు. నంబరు తీస్తాను, చూస్తాను, ఫోన్ పక్కన పెడతాను. చెబితే ఏమవుతుంది? తిడతాడా? తిడితే బాగుండు. అలా తిట్టే మనిషి కాదు. ఒకవేళ నమ్మకపోతే? ఇన్నేళ్లు ఆటో తాళం ముట్టుకోకుండా బతికిన మనిషి, గడి చిన్నదైంది బాబాయ్ అంటే, అంత చిన్నదానికా అని అడిగితే నేనేం చెప్పను? అవును, అంత చిన్నదానికే. లేకపోతే ఈ భయమంతా ఆయన కోసం కాదేమో. నా ముందు ఆయన మొహం మారుతుంటే చూడలేని భయమేమో. అదే అయి ఉంటుంది.

ఇక్కడ ఒప్పుకుంటే ఆయన చెయ్యి ఆయనకి తిరిగి రాదు. తెలుసు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది ఇవ్వడానికి మీది కాదు. అయినా ఇంతదాకా రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ ఊపిరి మీద కూడా నాకు గురి లేదు, కానీ ఆడుతోంది.

ఒక్కటి మిగిలింది. ఆ ఆదివారం తర్వాత ఆ ప్రోగ్రాంలో ఆయన పేరు మళ్లీ అచ్చు పడలేదు. దిద్దిన గడిలో ఒక్కసారే పడింది, ఆ చీటీ చింపింది నేను. ఈ కాగితం మీద గడులు లేవు. నా పేరు రాసే ధైర్యం నాకు లేదు. ఆయన పేరు రాస్తాను, పూర్తిగా. మిషను పడగొట్టింది ఈయన కాదు, ఈయన చెయ్యి మంచిది.

కట్టెపోగు జ్ఞానసుందర ఇమ్మానుయేలు.